కూర్చోవడానికి చట్టం, నిలబడడానికి గడియారం

మార్చి సగం దాటిందంటే చాలు, కోయంబత్తూరులో వేపచెట్టు కన్నా ముందు ఆ వ్యాసం పూస్తుంది: ‘బిజీ అమ్మలకు వేసవి స్టైల్, ఆరోగ్యపు అలవాట్లు’. ఉగాది పచ్చడికి వేపపువ్వు ఇంకా చేతికి రాకముందే అది రెండు దారుల్లో ఇంట్లోకి దిగుతుంది. తమిళంలో వారపత్రికతో పాటు వస్తుంది, తెలుగులో విజయవాడ వదినగారి వాట్సాప్ నుంచి వస్తుంది. పీలమేడులో, సింగానల్లూరులో, మదురై మహల్ వీధుల చుట్టుపక్కల తరతరాలుగా పాతుకుపోయిన తెలుగు ఇళ్ళకి ఉన్న అదృష్టం ఇదే. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం కాబట్టి ఒకే నిమ్మకాయని రెండు భాషల్లో పిండుకుని తాగొచ్చు.

అందులో చెప్పేది ఏటా ఒకటే. పొద్దున అయిదింటికి లేచి గోరువెచ్చటి నీళ్ళలో నిమ్మరసం తాగాలి. ఇల్లు నిద్ర లేవకముందే ఓ పావుగంట ‘మీ కోసం మీరు’ ఉంచుకోవాలి. లేత రంగు లినెన్ వేసుకుని, వెడల్పాటి అంచున్న గడ్డి టోపీ పెట్టుకోవాలి. రోజుకి ఎనిమిది గ్లాసుల నీళ్ళు, పదివేల అడుగులు, గంటకోసారి లేచి నిలబడడం. పక్కనే ఓ బొమ్మ: తెల్లటి వంటిల్లు, తెల్లటి గౌను, తెల్లటి పళ్ళు. ఆ వంటింట్లో తాలింపు వేసిన ఆనవాలు ఎక్కడా ఉండదు. పొయ్యి మీద పాలు పొంగిన మరక లేదు, సింకులో గిన్నె లేదు. ఆవిడ దేనితో అంత బిజీగా ఉందో ఎంత వెతికినా దొరకదు.

నిమ్మరసం మీద నాకేం పగ లేదు. నీళ్ళు తాగడం మంచిదే, నడవడం ఇంకా మంచిది. నా పేచీ వేరే. ఎండకి, పనికి, నీళ్ళ కరువుకి, కూర్చునే చోటు లేనందుకు ఒళ్ళు హూనమైన మనిషిని పట్టుకుని, ‘తల్లీ, నీ అలవాట్లే బాగాలేవు, మార్చుకో’ అనడం ఉంది చూశారూ, అది పుండు మీద కారం చల్లి, కారంలో విటమిన్ సి ఉంటుందని చెప్పడం.

ముందు ఆ నిలబడడం సంగతే చూద్దాం. పెళ్ళిళ్ళ రోజుల్లో గాంధీపురం క్రాస్ కట్ రోడ్డులోనో, మదురై విళక్కుత్తూణ్ దగ్గరో ఏదైనా పెద్ద బట్టల దుకాణానికి వెళ్ళండి. కౌంటరు వెనక ఉన్న అమ్మాయికి (అమ్మాయి అంటున్నాను గానీ ఆమెకి బడికెళ్ళే పిల్లలుంటారు) పొద్దున షట్టరు లేచింది మొదలు రాత్రి దీపాలు ఆర్పేదాకా పాదాలే దిక్కు. “ఆ నెమలికంఠం రంగు తియ్యమ్మా. అది కాదు, దాని కింద ఉన్నది. అది కూడా కాదులే.” ఇలా నలభై చీరలు విప్పించి, అంచులకి ఫోటోలు తీసుకుని, ‘ఇంట్లో అడిగి మళ్ళీ వస్తాం’ అని మనం దిగిపోతాం. ఆమె ఆ నలభైకీ మళ్ళీ మడతలు పెడుతుంది. నిలబడే.

ఈమె కూర్చోవడానికి చట్టసభ కూర్చోవలసి వచ్చింది. 1947 నాటి దుకాణాలు, సంస్థల చట్టాన్ని తమిళనాడు 2021లో సవరించి, పనిచేసేవాళ్ళకి కూర్చునే వసతి ఉండి తీరాలని రాసింది. అంతకు మూడేళ్ళ ముందు, 2018లో కేరళ ఆ పని చేసింది. అదీ ఊరికే చెయ్యలేదు. కోళికోడ్ మిఠాయి వీధిలో విజి అనే దర్జీ, దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళని కూడగట్టి ఏళ్ళ తరబడి పోరాడితే అయింది. అంటే ఒక తల్లికి లేచి నిలబడమని గుర్తుచేయడానికి చేతికి ఖరీదైన గడియారం కావాలి, ఇంకో తల్లికి కూర్చోవచ్చని చెప్పడానికి శాసనం కావాలి. గడియారం కట్టుకున్నావిడ చీర బేరం చేస్తున్నంతసేపూ మెత్తటి స్టూలు మీదే ఉంటుంది. ఇద్దరి మధ్యా అడ్డం కౌంటరు ఒక్కటే.

మరి చట్టం వచ్చాక వీళ్ళకీ స్టూళ్ళు రాలేదా అంటే, వచ్చాయి. ఒక దుకాణంలో నా కళ్ళతో చూశాను. కౌంటరు వెనక వరసగా నాలుగు ప్లాస్టిక్ స్టూళ్ళు. నాలుగింటి మీదా చీరల అట్టపెట్టెలు, ఒకదాని మీద ఒకటి, గోడకి చేరగిలబడి మరీ కూర్చున్నాయి. చట్టంలో వసతి కల్పించమన్నారు, కల్పించారు. పెట్టెలు లేపి మనుషుల్ని కూర్చోబెట్టమని ఎవరూ చెప్పలేదట.

పదివేల అడుగుల కథ ఇంకా చిత్రం. 1964 టోక్యో ఒలింపిక్స్ ఊపు మీద జపానులో అందరికీ నడక మీద మనసు పోయింది. ఆ మరుసటేడు యమాసా అనే కంపెనీ నడుముకి తగిలించుకునే యంత్రం ఒకటి అమ్మకానికి పెట్టింది. దాని పేరే ‘పదివేల అడుగుల మీటరు’. సరుకు అమ్ముకోవడానికి పెట్టిన గుండ్రటి అంకె అరవై ఏళ్ళలో డాక్టరు చీటీ అయి కూర్చుంది. ఇప్పుడది తీసుకొచ్చి అమ్మలకి అప్పగిస్తున్నారు.

ఎవరికి? కోవై అని మనం పిలుచుకునే కోయంబత్తూరు తెలుగువాళ్ళ గొప్ప చెప్పమంటే, కొత్త యంత్రాలు కనిపెట్టిన జి.డి. నాయుడి దగ్గర మొదలుపెట్టి, 1910లో కుప్పుస్వామి నాయుడు పెట్టిన లక్ష్మీ మిల్లు మీదుగా పి.ఎస్.జి. కాలేజీల దగ్గర ఆగుతాం. కానీ తెల్లవారకముందే చీపురు పట్టుకుని రోడ్లు ఊడ్చే అరుంధతీయ స్త్రీలలోనూ చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. తెలుగు సంఘాల సావనీర్లలో వాళ్ళ ఫోటో నేనైతే చూడలేదు. అయిదింటికి లేవండి అంటున్నారు కదా, రోడ్డు ఊడ్చే ఆమె నాలుగింటికే లేస్తుంది. నడక కూడా ఆమెకి ఉంది, పైగా చీపురుతో. ఆ లెక్కన నగరంలో అందరికన్నా ఆరోగ్యంగా ఉండాల్సింది ఆమే. వ్యాసం రాసేవాళ్ళ దృష్టిలో ఆమె బిజీ అమ్మ కాదు మరి. బిజీ అనిపించుకోవడానికి కనీసం లాప్‌టాప్ ఉండాలి.

ఇక నీళ్ళు. ఎనిమిది గ్లాసుల మాటకి మూలం 1945లో అమెరికా ఆహార పోషణ మండలి ఇచ్చిన సలహా అంటారు. రోజుకి రెండున్నర లీటర్లు కావాలని చెప్పి, ఆ వెంటనే అందులో ఎక్కువ భాగం తినే తిండిలోనే ఉంటుందని కూడా వాళ్ళు రాశారు. మొదటి వాక్యం ప్రపంచమంతా తిరిగింది. రెండో వాక్యం అక్కడే ఉండిపోయింది. సాంబారు, రసం, మజ్జిగ మూడూ పోసుకునే కొంగునాడులో ఆ రెండో వాక్యం ఎవరికైనా గుర్తుంటే బాగుండేది.

సిరువాణి నీళ్ళు ప్రపంచంలోకెల్లా రెండో తియ్యటి నీళ్ళని కోవై వాళ్ళు చెప్పుకుంటారు. మొదటివి ఎక్కడివో ఎవరూ అడగరు, అడిగితే మర్యాద కాదు. ఆ తియ్యటి నీళ్ళు వేసవిలో చాలా వీధులకి రోజూ రావు. వచ్చే రోజు ఏ వేళకి వస్తాయో తెలియదు. కొళాయి గురగురమనగానే లేచి బిందెలు, డ్రమ్ములు, చివరికి చారుగిన్నె దాకా నింపుకునేది ఎవరో చెప్పక్కర్లేదు. వ్యాసంలో చెప్పిన ‘మీ కోసం మీరు’ పావుగంట ఈ వరసలోనే కరిగిపోతుంది.

పట్టినవైనా కడుపునిండా తాగుతుందా? దుకాణంలో పనిచేసే ఆడదాన్ని, మదురైలో బుట్ట ముందు పెట్టుకుని మల్లెమాల కట్టే ఆమెని అడిగి చూడండి. నీళ్ళ సీసా పక్కనే ఉంటుంది, మూత మాత్రం అంత తేలిగ్గా తియ్యరు. తాగితే వెళ్ళాలి. వెళ్ళడానికి చోటు లేదు, ఉన్నచోట ఆమె వెనక బుట్ట చూసేవాళ్ళు లేరు. ఆమెకి నీళ్ళ విషయంలో మంచి అలవాటే ఉంది: దాహాన్ని ఆపుకోవడం. ఏళ్ళ సాధన మీద వచ్చిన విద్య అది. ఆమెకి మనం చెప్పే వైద్యం, గ్లాసులో ఓ కీరా ముక్క వేసుకోమని.

స్టైల్ దగ్గరికి వస్తాను. వేసవిలో దక్షిణాది అమ్మల అసలు స్టైల్‌ని ఏ పత్రికా ముఖచిత్రం చెయ్యలేదు. అది నైటీ, దాని భుజాల మీద తువ్వాలు. కూరల బండి కేక వేసినా, గ్యాసు సిలిండరు దిగినా, స్కూలు వ్యాను హారను కొట్టినా చెయ్యి దానంతటదే తలుపు వెనక మేకుకి పోతుంది, తువ్వాలు భుజానికెక్కుతుంది, మనిషి గేటు దగ్గరుంటుంది. గాలి ఆడుతుంది, ఇస్త్రీ అక్కర్లేదు, కొన్నిటికి జేబు కూడా ఉంటుంది. ఆరువేల పట్టుచీరకి ఆ భాగ్యం లేదు. ఇంత పనికొచ్చే బట్ట ఇంకోటి ఉంటే చెప్పండి.

దానికి దొరికిన గౌరవం ఏమిటి? అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా తోకలపల్లిలో ఊరిపెద్దలు పగటిపూట నైటీ వేసుకుని బయటికి రాకూడదని కట్టడి చేశారు. 2018లో ఆ సంగతి పత్రికలకెక్కింది. తప్పితే రెండువేల జరిమానా, చూసి చెప్పినవాళ్ళకి వెయ్యి బహుమతి. వేసవి స్టైల్ మీద మనవాళ్ళు ఇంత శ్రద్ధగా ఖర్చు పెట్టిన సందర్భం ఇంకోటి నాకు గుర్తు లేదు.

ఎండకి ఏం కట్టుకోవాలన్న సమస్యని మదురైలో ఒకాయన 1921 సెప్టెంబరు 22న తేల్చేశాడు. పడమటి మాసి వీధిలో బస చేసిన గాంధీ, ఆ రోజు నుంచి కొల్లాయి గుడ్డ తప్ప మిగతావన్నీ వదిలేశాడు. అది కట్టుకోవడానికి గుడ్డలేని పేదవాణ్ణి చూసి చేసిన పని, దాన్ని వేళాకోళం చెయ్యను. కానీ మదురై ఎండకి అంతకన్నా తగిన వేషం ఇంకోటి లేదని మన మగవాళ్ళు ఇట్టే గ్రహించారు. దేశసేవ మాటెలా ఉన్నా, బనియను లుంగీల దగ్గర స్థిరపడ్డారు. అదే వీధిలో, అదే ఎండలో, ఆడవాళ్ళు అయిదున్నర మీటర్ల చీర, దాని కింద లంగా, పైన లైనింగు వేయించిన జాకెట్టు. ఆమెకి చెప్పే సలహా: ‘వదులుగా ఉండే దుస్తులు ఎంచుకోండి.’

ఈ ఏడు సుంగుడి చీర మళ్ళీ ఫ్యాషనని కూడా రాశారు. సంతోషం. మదురై సుంగుడికి 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. సౌరాష్ట్రుల కుటుంబాలు, ఎక్కువగా ఆ ఇళ్ళ ఆడవాళ్ళు, నూలు గుడ్డని గోటితో చిటికెడు పట్టి దారంతో ముడి వేస్తారు. అలా చీర నిండా వేల ముడులు వేశాక రంగులో ముంచుతారు. ముడి విప్పితే చుక్క. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా, ఒళ్ళో చీర పెట్టుకుని, ముడికింత అని అతి తక్కువ కూలికి కళ్ళు పోగొట్టుకున్న తల్లులు ఎంతమందో. అచ్చుగుద్దిన చుక్కలు మార్కెట్టులో దిగాక ఆ కూలీ కూడా పల్చబడింది. ‘అమ్మలూ, ఈ వేసవికి సుంగుడి కట్టండి’ అన్న పేజీలో, సుంగుడి కట్టిన అమ్మల మాట ఒక్క ముక్క లేదు. గుడ్డకి ముడి కట్టేదీ, ఒంటికి చీర కట్టేదీ అమ్మలే అయినా, వ్యాసానికి రెండో ఆమే కావాలి.

అసలు మదురైలో వేసవి స్టైల్ కోసం జనం ఎదురుచూసేది ఒక్కరి విషయంలోనే. చైత్రోత్సవంలో కళ్ళళగరు స్వామి వైగై నదిలోకి దిగేటప్పుడు ఏ రంగు పట్టు కట్టుకుంటాడా అని లక్షలమంది కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తారు. పచ్చపట్టు అయితే పంటలు బాగా పండుతాయని నమ్మకం. భక్తులు తోలుసంచులతో నీళ్ళు చిమ్ముతుంటారు, ఎండ చల్లబడుతుంది. బట్ట ఎంచుకోవడం నుంచి కట్టబెట్టడం దాకా అన్నీ చూసుకోవడానికి అర్చకులున్నారు, మోయడానికి బోయీలున్నారు, వండడానికి మడపళ్ళి ఉంది. ఆ మాత్రం సిబ్బంది ఉంటే ఎవరైనా వేసవిలో కళకళలాడుతూనే ఉంటారు.

తిండి సంగతీ అంతే. ఎండలు ముదిరాక కోవై రోడ్ల పక్కన సజ్జ అంబలి బండ్లు వెలుస్తాయి. కుండకి తడిగుడ్డ చుట్టి ఉంటుంది. పక్కన గిన్నెల్లో ఊరమిరపకాయలు, వేయించిన గోరుచిక్కుడు వరుగులు, ఉప్పుకారం అద్దిన మామిడి ముక్కలు, సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయలు. నిన్నటిదాకా సద్ది తాగి బడికెళ్ళామని చెప్పుకోవడానికి నామోషీ పడ్డవాళ్ళు, 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నాక కారు ఆపి మరీ తాగుతున్నారు. మంచిదే. ఆ అంబలినే గాజుసీసాలో పోసి ‘ప్రోబయోటిక్’ అని చీటీ అంటిస్తే ధర ఎన్ని మెట్లెక్కుతుందో మీకు తెలుసు. బండి దగ్గరున్నామె మాత్రం ముందురోజు సాయంత్రం పిండి కాచి, రాత్రంతా పులియబెట్టి, తెల్లారి పిల్లల్ని బడికి పంపి, పన్నెండింటి ఎండలో గొడుగు కింద నిలబడి గరిట తిప్పుతోంది. ‘అక్కా, నువ్వు తాగావా?’ అంటే, ‘మిగిలితే చూద్దాం’ అంటుంది.

యంత్రాలొచ్చాయి కదా అంటారు. వచ్చాయి, అందులో ఒకటి కోయంబత్తూరులోనే పుట్టింది. 1955లో పి. సభాపతి అనే ఆయన కరెంటుతో తిరిగే వెట్ గ్రైండరు తయారుచేశాడు. (అంతకు చాలా ముందే మన జి.డి. నాయుడు గడ్డం గీసుకునే విద్యుత్ రేజరు చేశాడు. మగవాడి గడ్డం ముందు, ఆడదాని పిండి తర్వాత. మేధావుల వరస అలాగే ఉంటుంది.) రోలు దగ్గర కూర్చుని రుబ్బే బాధ తప్పింది, కాదనను. నా మటుకు సభాపతికి ఊరి నడిబొడ్డున విగ్రహం పెట్టినా తప్పులేదు. కానీ రోళ్ళ కాలంలో చాలా ఇళ్ళలో ఇడ్లీ పండగపూట తిండి. గ్రైండరు వచ్చాక రోజూ ఇడ్లీ. పొద్దున ఇడ్లీ, రాత్రి దోశ, మధ్యలో ‘పిండి అయిపోయిందా?’ అని ఆశ్చర్యం. మిగిలిన గంటని అమ్మ చేతికి ఎవరూ ఇవ్వలేదు, కంచంలో వడ్డించుకున్నారు. ఇంటి యంత్రాలు అమ్మలకి పని తగ్గించాయా పెంచాయా అని అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో ఒక పుస్తకమే రాసి, పెంచాయని తేల్చింది. ఆవిడ పీలమేడు ఎప్పుడూ వచ్చి ఉండదు.

లెక్కలు కావాలంటే కేంద్ర గణాంకశాఖ దగ్గర ఉన్నాయి. 2019 సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి 299 నిమిషాలు పెట్టేవారు, ఆ పని ముట్టుకునే మగవాళ్ళు 97. 2024లో ఆడవాళ్ళవి 289కి దిగాయి. పది నిమిషాలు మిగిలాయి, శుభం. మగవాళ్ళు అందుకున్నారేమో అని చూస్తే వాళ్ళవి 88కి దిగాయి. అయిదేళ్ళలో అమ్మ పది నిమిషాలు తెరిపిన పడితే, అయ్యగారు తొమ్మిది నిమిషాలు అలసట తీర్చుకున్నారు.

అమ్మల పొద్దుటి పరుగుని నిజంగా తగ్గించిన పని ఒకటి మదురైలోనే మొదలైంది. 2022 సెప్టెంబరు 15న సిమ్మక్కల్‌లోని ఆదిమూలం కార్పొరేషను బడిలో ముఖ్యమంత్రి హోదాలో స్టాలిన్ పిల్లల పక్కన కూర్చుని ఉదయపు ఉపాహార పథకం ప్రారంభించారు. ఉప్మా, కిచిడీ, పొంగలి. ఆరింటికే పనికి పోయే తల్లి, బిడ్డ ఏం తిన్నాడో అన్న దిగులు లేకుండా బస్సెక్కుతుంది. అది మామూలు టౌను బస్సయితే ఆమెకి టిక్కెట్టు డబ్బులు కూడా అక్కర్లేదు. ఈ దారికి తొలి రాయి వేసింది తెలుగువాడే: మద్రాసు కార్పొరేషను అధ్యక్షుడిగా ఉండగా 1920లో పిట్టి త్యాగరాయ శెట్టి థౌజండ్ లైట్స్ బడిలో మధ్యాహ్న భోజనం పెట్టించాడు. ఇద్దరిలో ఎవరూ తల్లులకి ‘ముందురోజు రాత్రే డబ్బాలు సర్దిపెట్టుకోండి’ అని చిట్కా చెప్పలేదు.

మంగమ్మ కూడా చెప్పలేదు. కొడుకు మసూచితో పోతే, పసివాడైన మనవడి తరఫున 1689 నుంచి పద్దెనిమిదో శతాబ్దం తొలి ఏళ్ళ దాకా మదురై నేలిన రాణి ఆమె. అంతకన్నా బిజీ అమ్మ ఎవరుంటారు? బాటసారులకి ఎండ తగులుతోందని ఆమె బాటల పక్కన చెట్లు నాటించింది, సత్రాలు కట్టించింది. మదురై రైలుస్టేషను ఎదురుగా మంగమ్మ సత్రం పేరు ఇప్పటికీ ఉంది. మన కోవైలో మేట్టుపాళయం రోడ్డు, అవినాశి రోడ్డు వెడల్పు చేసేటప్పుడు నీడనిచ్చే పాత చెట్లని నరికేశాం. నరికి, అమ్మల్ని టోపీ పెట్టుకోమన్నాం.

ఇన్ని వేసవులు గడిచినా ‘బిజీ నాన్నలకు వేసవి స్టైల్, ఆరోగ్యపు అలవాట్లు’ అని ఎవరూ రాయలేదు. ఆ లోటు నేను తీరుస్తాను, పారితోషికం అక్కర్లేదు. నాన్నగారూ, మే నెల కత్తిరి ఎండల్లో తెల్లవారుజామున కొళాయి గురగురమన్నప్పుడు లేవండి. పన్నెండు బిందెలు నింపితే భుజాలకి మంచిది, మేడ మీదికి మోస్తే మోకాళ్ళకి మంచిది. గ్రైండరు రాయి ఎత్తి కడగడం నడుముకి గొప్ప వ్యాయామం, జిమ్ములో దీనికే నెలకింతని కడుతున్నారు. పిల్లలు తినగా మిగిలిన దోశ చివరలతో ఫలహారం ముగిస్తే బరువు అదుపులో ఉంటుంది. ఇవన్నీ మీకున్న 88 నిమిషాల్లో సరిపోకపోతే పావుగంట ముందు లేవండి, అది మీ కోసం మీరు ఉంచుకున్న సమయం అనుకోండి. స్టైల్ గురించి దిగులక్కర్లేదు. లుంగీ ఉంది, బనియను ఉంది. సిలిండరు అబ్బాయి గేటు కొట్టినప్పుడు, తలుపు వెనక మేకుకి తువ్వాలు ఉంటుంది.